కండక్టరమ్మ నిధి వేట

దసరా సెలవుల్లో బస్సు కండక్టరుకు వరసగా రెండు రోజులు లీవు దొరకడం మాటలు కాదు. హిందూపురం డిపోలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్న కళావతి ఆ రెండు రోజుల కోసం ముగ్గురితో డ్యూటీలు మార్చుకుంది, ఒకరిని బతిమాలుకుంది, ఇంకొకరితో గట్టిగానే పోట్లాడింది. అంతా చేసి ఇంటికొచ్చి చెప్పుల్లోంచి కాళ్ళు తీస్తూనే, "శుక్రవారం, శనివారం నాకు లీవు. పెనుకొండకు పోదాం" అని చెప్పింది.

పదహారేళ్ళ కొడుకు యువరాజ్ ఫోనులోంచి తల ఎత్తకుండానే, "పెనుకొండనా?" అన్నాడు, ఎవరో చావు కబురు చెప్పినట్టు.

"బెంగళూరుకు పోదాం మా. వాటర్ పార్కుకు. మా క్లాసులో అందరూ పోయొచ్చినారు," అంది పద్నాలుగేళ్ళ చందన.

"అందరూ అంటే ఎవురు?"

"అందరూ."

"పేర్లు చెప్పు."

చందన రెండు పేర్లు చెప్పి ఆగిపోయింది. కళావతి చెయ్యి కడుక్కుని వంటింట్లోకి పోయింది. ఈ పిల్లలతో మాట్లాడటం కంటే సంత రోజు నిండు బస్సులో టికెట్లు కొట్టడం నయం అనిపించింది ఆమెకు. బస్సులో జనం కనీసం ముఖం చూసి కసురుకుంటారు.

ఆమె తిరిగే బస్సు హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోతుంది. రోజుకు రెండుసార్లు పెనుకొండ కొండ కిటికీలోంచి కనబడుతుంది. పాత కోటగోడ కొండ నడుము చుట్టూ పాకి, ఒకచోట తెగి, మళ్ళీ ఇంకోచోట మొదలవుతుంది. కొత్త ప్యాసింజర్లు ఎవరైనా, "ఆ పైన ఏముండాది మేడమ్?" అని అడుగుతారు. పదకొండేళ్ళుగా ఆమె చెప్పే జవాబు, "చిల్లర ఇయ్యప్పా" అనే. ఒకప్పుడు రాజులు ఏలిన ఊరిని దినమూ దాటిపోతూ ఒక్కసారీ ఆ మెట్లెక్కలేదన్న సిగ్గు ఆమెకు లోలోపల ఉండేది. భర్త సుధాకర్ ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీస్తాడు, ఆదివారం మాత్రమే ఇంటికి వస్తాడు. కాబట్టి పిల్లలకు చూపించాల్సింది తనే, చూడాల్సిందీ తనే.

అయితే ఊరికే తీసుకుపోతే వీళ్ళు అడుగడుక్కీ మూలుగుతారని ఆమెకు తెలుసు. అందుకే ఫోనులో వెతికింది. ఎవరో ఒకామె పెద్ద టోపీ పెట్టుకుని, ఎదిగిన పిల్లలతో పాత నగరాలకు పోతే వాళ్ళను ఎట్లా ఉత్సాహపరచాలో పది సలహాలు చెప్తోంది. చరిత్ర పాఠం చెప్పొద్దంది. దారి చూసే పని పిల్లలకే ఇవ్వమంది. అన్నిటికంటే బాగా పనిచేసేది నిధి వేట అంది. చీటీలు రాసి అక్కడక్కడా దాచాలి, ఒక చీటీ ఇంకో చీటీకి దారి చూపాలి, చివర ఒక బహుమతి ఉండాలి.

కళావతికి ఇది తెగ నచ్చింది. బుధవారం ఆమెకు వారపు సెలవు. ఇంట్లో డ్యూటీ అని చెప్పి ఒక్కతే పెనుకొండకు పోయింది. ముందు రాత్రే టికెట్ రోలు కాగితాల వెనక ఐదు చీటీలు రాసి పెట్టుకుంది. ఒకటి పిల్లల చేతికిచ్చేది. తక్కినవి గగన్ మహల్ బయటి గోడ పక్కన, కొండ మెట్ల మొదటి మలుపులో, పాడుబడిన బురుజు కింద, సగం కొండ మీదున్న రాతి మండపంలో దాచింది. మండపం వెనక రెండు గుండ్ల సందులో స్టీలు డబ్బా పెట్టింది. అందులో పాలకోవా, యువరాజ్ ఉగాది నుంచి అడుగుతున్న వైరు లేని ఇయర్ ఫోన్లు, చందనకు రంగు పెన్సిళ్ళు. పిల్లలకు చోటు ఆనవాలు తెలియాలని ప్రతి చీటీ దగ్గర రాతి మీద ఏదైనా గుర్తు పెడదామనుకుంది. పాత రాళ్ళ మీద రంగు పూయడం తప్పు, సుద్దముక్క కూడా పెట్టగూడదు. బ్యాగులో కుంకుమ పొట్లం ఉండింది. నీళ్ళు పోస్తే పోతుంది కదా అని ఒక్కో రాతికి ఒక్కో బొట్టు పెట్టింది. మండపం కాడ మాత్రం మూడు పెట్టింది, బాగా కనబడాలని.

ఆ పూట మోకాళ్ళు పట్టేసి మెట్టు మెట్టుకూ కూర్చుంటూ దిగింది. అయినా ముఖంలో నవ్వు ఆగలేదు.

శుక్రవారం పొద్దున ఏడు గంటల బస్సు అనుకుంటే తొమ్మిదిన్నరకు ఎక్కారు. యువరాజ్‌కు చొక్కా దొరకలేదు, చందనకు జడ కుదరలేదు. బస్సులో ఇద్దరూ చెరో కిటికీ పక్కన కూర్చుని చెరో ఫోను చూసుకున్నారు. పెనుకొండలో దిగి గగన్ మహల్ ముందు నిలబడ్డాక, కళావతి ఆ గోపురాన్నీ, ఆ తోరణాల కిటికీలనూ చూపించి వాళ్ళ ముఖాల కేసి ఆశగా చూసింది.

"ఇంతేనా?" అన్నాడు యువరాజ్.

"ఇంతేనా అంటే ఏందిరా? వందల ఏండ్ల నాటిది. రాజులు ఎండాకాలంలో ఈడ ఉండేవాళ్ళంట."

"ఫ్యాన్లు లేకుండా ఎట్లుండిరి మా?" అంది చందన, ఫోను పైకెత్తి తన ముఖాన్నీ వెనక గోపురాన్నీ ఒక ఫోటోలో ఇరికిస్తూ.

కళావతి పళ్ళు బిగబట్టి మొదటి చీటీ తీసి ఇచ్చింది. యువరాజ్ గట్టిగా చదివాడు: "మేడల్లో మేడ, రాజు చల్లగా గడిపిన మేడ. ఎర్రబొట్టు పెట్టుకున్న రాతి కాడ చూడు నీడ." చదివి, "ఇది ఎవురు రాసినారు మా, ఇంత ఘోరంగా?" అన్నాడు.

"ఎవురో రాసినార్లే. పోయి వెతుకు పో."

వెతికారు. బొట్టు ఉంది. చీటీ లేదు. కళావతి తనే వంగి రాతి కింద చెయ్యి పెట్టి చూసింది. చీమలు తప్ప ఏమీ లేవు. గాలికి పోయి ఉంటుందిలే అని, రెండో చీటీలోది నోటితోనే చెప్పి మెట్ల దగ్గరికి తోలుకుపోయింది. మొదటి మలుపులో బొట్టు ఉంది, చీటీ లేదు. ఎండ నెత్తికెక్కింది. బురుజు కింద కూడా లేదు. చందన కాళ్ళు నొప్పి అంది. యువరాజ్ నీళ్ళ సీసా మొత్తం తాగేసి, ఖాళీ సీసా తల్లి చేతికిచ్చాడు.

"అమ్మా, నిజం చెప్పు. నిధి లేదు, చీటీలు లేవు. మమ్మల్ని ఎక్కించడానికి ఎత్తు వేసినావు కదా?"

"నోరు మూసుకుని ఎక్కరా," అంది కళావతి. ఎంత కష్టపడి రాసింది, ఎంత కష్టపడి ఎక్కింది! వానలేదు, గాలిలేదు. ఎవరు తీసి ఉంటారు?

మండపం కాడికి చేరేసరికి జవాబు దొరికింది. ఏడెనిమిది మంది గుంపుగా నిలబడి ఉన్నారు. నడుమ అరవై ఏండ్ల ముసలాయన, భుజం మీద గొంగళి, చేతిలో కర్ర. ఆయన పేరు నరసప్ప, కొండ వాలులో గొర్రెలు మేపుతాడు. పక్కనే ఆయన భార్య దాసమ్మ, చంకకు సంచి తగిలించుకుని. వాళ్ళకెదురుగా ఖాకీ చొక్కా వేసుకున్న వాచ్‌మన్ చెన్నప్ప, చేతిలో కాగితాలు పట్టుకుని పెదాలు కదిలిస్తూ చదువుతున్నాడు. కళావతి తన టికెట్ రోలు కాగితాలను దూరం నుంచే గుర్తు పట్టింది.

"అవి నావి. ఇటియ్యి," అంది, బస్సులో గొంతుతో.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నీవేనా?" అన్నాడు చెన్నప్ప మెల్లగా.

"నావే. నా చేత్తో రాసినా."

"ఆ కుంకుమ?"

"నేనే పెట్టినా."

"ఎప్పుడు?"

"మొన్న బుధవారం."

"నవరాత్రుల్లో!" అని వెనక ఎవరో గుండె మీద చెయ్యేసుకున్నారు.

అప్పుడు గానీ కళావతికి సంగతి అంతుపట్టలేదు. రెండు నెలల కిందట ఎవరో ఈ మండపంలోనే నిమ్మకాయలు కోసి, కుంకుమ చల్లి, గుప్తనిధి ఉందని బండలు పెకలించి పోయారట. దొరికింది ఏమీ లేదు గానీ, వాచ్‌మన్ నిద్రపోయినాడని చెన్నప్పకు నోటీసు వచ్చిందట. అప్పటి నుంచి ఆయన కొండ మీద పిల్లి నడిచినా వెంటబడుతున్నాడు. నిన్న నరసప్ప గొర్రెలు తోలుకుని వస్తుంటే రాతి మీద కుంకుమ కనిపించింది, కింద చీటీ కనిపించింది. ఆయన చదువుకోలేదు. అన్నీ ఏరుకుని, ఈ పొద్దున తెచ్చి చెన్నప్పకు ఇచ్చాడు.

చెన్నప్ప చివరి చీటీ ఎత్తి పట్టుకుని అందరికీ వినబడేలా చదివాడు: "నిధి దగ్గర పడింది. మూడు బొట్ల వెనక, రెండు గుండ్ల నడుమ. ఎవరికీ చెప్పొద్దు. మీరిద్దరే రండి."

"పిల్లలకు రాసింది అన్నా అది," అంది కళావతి. "ఆటకు. ఇదో వీళ్ళే ఆ ఇద్దరు. సెలవులు కదా అని…"

"పిల్లల ఆటకు కుంకుమ ఎందుకమ్మా?"

"రంగు పూస్తే రాళ్ళు పాడైతాయని!"

ఈ మాట ఎవరూ నమ్మలేదు. తనకే నమ్మబుద్ధి కాలేదు. అంతలో నరసప్ప కర్ర నేల మీద పోటు పొడిచి, "ఏమబ్బా, నేనీమెను ఎరుగుదును," అన్నాడు. కళావతికి ప్రాణం లేచొచ్చింది. "ఈమె కండక్టరు. నేను గొర్రెపిల్లను సంకలో పెట్టుకుని ఎక్కితే నడిదారిలో దింపేసింది. మూడు మైళ్ళు నడిచినా."

"దానికీ దీనికీ ఏం సంబంధం తాతా?"

"మనిషి ఎట్లాంటిదో చెప్తాండా."

చెన్నప్ప పోలీసుస్టేషనుకు ఫోను చేయడానికి సిగ్నల్ కోసం మండపం అంచుకు పోయాడు. కళావతి సాయం కోసం కొడుకు వైపు తిరిగింది. వాడు ఇంత సేపటికి మొదటిసారి కళ్ళు పెద్దవి చేసి, ముఖమంతా వెలుగుతో, ఆమెను వీడియో తీస్తున్నాడు.

"ఒరేయ్! మీ అమ్మను దొంగ అంటాంటే సినిమా తీస్తాండావా?"

"సాక్ష్యం ఉండాలి కదా మా," అన్నాడు. చందన మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది! పొద్దున్నుంచి ఈ పిల్లలను నవ్వించడానికి ఆమె పడిన పాట్లు ఒక ఎత్తు. ఇప్పుడు నవ్వుతున్నారు, తల్లిని జైలుకు పంపే వేళకు. వీళ్ళను ఇక్కడే గొర్రెల మధ్య వదిలేసి పోదామా అనిపించింది కళావతికి.

చివరకు చందనే ముందుకొచ్చింది. నవ్వు మింగి, చెన్నప్ప ముందు నిలబడి, "అంకుల్, నిజంగా దొంగయితే నిధి కోసం తవ్వుతాది. మా అమ్మ అయితే డబ్బా పెట్టి ఉంటాది. ఆ గుండ్ల నడుమ చూడండి. డబ్బా ఉంటే వదిలేయండి, లేకుంటే పట్టుకుపోండి," అంది.

"పట్టుకుపోవాల్నా?" అంది కళావతి.

"ఉంటాది కదా మా?"

గుంపు మొత్తం మండపం వెనక్కు నడిచింది. రెండు గుండ్ల సందులో కళావతి తల దూర్చి చూసింది. చెయ్యి పెట్టి తడిమింది. మట్టి గుంట తప్ప డబ్బా లేదు.

"చూసినారా? ముందే ఎత్తుకుపోయినారు. ఈమె మనుషులే," అన్నాడు చెన్నప్ప. ఆయన గొంతులో ఇప్పుడు కొంచెం సంతోషం కూడా ఉంది.

అందరి వెనక నుంచి దాసమ్మ, "డబ్బా అంటే… ఏ డబ్బా?" అంది.

"స్టీలుది అవ్వా. గుండ్రంది. ఇంత ఉంటాది."

దాసమ్మ మొగుడి ముఖం చూసింది. ఆయన ఆకాశం చూశాడు. ఆమె సంచిలోంచి డబ్బా తీసి మూత తెరిచింది. లోపల రాగి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి. "ఎవురో మరిచిపోయినారు అనుకుంటిమి," అంది. "నిన్న కడిగి పెట్టి, ఈ పొద్దు సంగటి ఏసుకొస్తి."

చందన మూత లాక్కుని ఎండకు తిప్పి, దాని మీద చెక్కిన అక్షరాలు గట్టిగా చదివింది: "చి.ల.సౌ. కళావతి పెండ్లికి, మేనమామ పెద్దప్ప."

"నీ పేరేంది?" అన్నాడు చెన్నప్ప.

కళావతి డిపో గుర్తింపు కార్డు తీసి ఆయన ముఖం ముందు పెట్టింది. అందులో అదే పేరు. ఆయన కార్డు చూశాడు, మూత చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. నిధి దొంగ ఎవరూ పెండ్లి డబ్బాలో పేరుతో సహా నిధి దాచుకోరని ఆయనకు కూడా తోచింది. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"లోపల ఉండిన పాలకోవా?" అంది కళావతి.

"బలే ఉన్యాయమ్మా," అంది దాసమ్మ, ఏమాత్రం దాచకుండా.

"తెల్లగా చిన్న డబ్బీ ఒకటి ఉండాల?"

నరసప్ప నడుముకు కట్టుకున్న ఆకు-వక్క సంచి విప్పి అందులోంచి తీశాడు. "సున్నం డబ్బీ అనుకున్యా. మూత తీస్తే రెండు గింజలుండాయి. ఏం గింజలో అర్థం కాలా." యువరాజ్ "అమ్మా!" అని అరిచి అందుకున్నాడు. వక్క వాసన వస్తోందని రెండుసార్లు మూతి ముడిచి, రెండుసార్లు నవ్వాడు. రంగు పెన్సిళ్ళు దాసమ్మ మనవరాలికి పోయాయట. చందన చేతిలోని మూత మళ్ళీ దాసమ్మకే ఇచ్చేసింది. కళావతి అది గమనించింది.

చెన్నప్ప మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. రేపు ఇంకెవరైనా ఈ బొట్లు చూస్తే మళ్ళీ తన ఉద్యోగానికే వస్తుందని, కుంకుమ అంతా ఇప్పుడే కడగాలన్నాడు. సీసాలో నీళ్ళు లేవు. కిందికి పోయి తేవాలంటే కళావతి మోకాళ్ళు ఒప్పుకోవు.

"నీళ్ళు కిందకెందుకు? పైనే దొన ఉండాదిలే," అన్నాడు నరసప్ప. "రాండి."

ముళ్ళ కంప తప్పించుకుంటూ, మెట్లు లేని దారిలో, ఆయన వెనక పోయారు. రెండు పెద్ద బండల నడుమ రాతి గుంటలో వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి, ఆకాశం ముక్క ఒకటి లోపల పడ్డట్టు. పక్కన చదునైన బండ. యువరాజ్ సీసా ముంచడానికి వంగి ఆగిపోయాడు.

"మా, ఈడ ఏందో గీసినారు చూడు."

బండ మీద లోతుగా చెక్కిన గీతలు. కొండ ఆకారంలో మొన దేలి, అడ్డగీతలతో. దాసమ్మ కూర్చుని కొంగుతో దుమ్ము తుడిచింది. "పులి-మేక," అంది. "మా మామ ఈడే ఆడేవాడు. వాళ్ళ నాయనా ఆడేవాడంట. ఎవురు చెక్కినారో ఎవురికీ తెలీదు. కోటకు కాపలా ఉన్నోళ్ళు చెక్కింటారు అంటారు."

ఆమె మూడు పెద్ద రాళ్ళు ఏరి గీతల మీద పెట్టింది. అవి పులులు. పదిహేను గులకరాళ్ళు యువరాజ్ చేతిలో పోసింది. అవి మేకలు. పులి మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ కూడి పులిని కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. అంతే ఆట. యువరాజ్ పెదవి విరిచి, ఇదేం పెద్ద ఆట అన్నట్టు కూర్చున్నాడు. కాసేపట్లోనే ఆరు మేకలు పోయాయి. రెండో ఆటలో తొమ్మిది. మూడో ఆటకు ఫోను పక్కన బండ మీద పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చందన వెనక నుంచి, "అది కదిలించొద్దురా, అటు నుంచి దూకుతాది!" అని అరుస్తోంది. దాసమ్మ పాపం పుణ్యం లేకుండా వాడి మేకలన్నీ తినేసి, బోసినోటితో నవ్వింది.

కుంకుమ కడిగింది ఎవరు? కళావతి. ఒక్కతే. సీసా నింపుకుని మండపానికి పోయి మూడు బొట్లు, బురుజు కాడ ఒకటి కడిగింది. కిందివి రెండూ తను కడుగుతానని చెన్నప్ప జాలిపడి చెప్పాడు. తిరిగి దొన దగ్గరకు వచ్చేసరికి ఆట పదకొండోది. నరసప్ప గట్టు మీద కూర్చుని, యువరాజ్‌కు మేకలు ఎట్లా గుంపు కట్టాలో కర్రతో చూపిస్తున్నాడు.

"మీ గొర్రెపిల్లను దింపినందుకు ఏమనుకోకు తాతా. పైనుంచి రూలు," అంది కళావతి పక్కన చతికిలబడి.

"రూలుదేముందమ్మా, ఆ పొద్దు ఎండ గట్టిది," అన్నాడాయన. అని సంగటి ముద్ద సగం విరిచి ఆమె చేతిలో పెట్టాడు. తన పెండ్లి డబ్బాలోంచి ఎవరిదో సంగటి తింటూ కళావతి కిందికి చూసింది. ఊరంతా అరచేతిలో ఉన్నట్టుంది. గగన్ మహల్ గోపురం, బస్టాండు, దాని పక్క నుంచి ధర్మవరం వైపు పోతున్న ఎర్రబస్సు. ఆ బస్సులో ఈపాటికి ఎవరో చిల్లర కోసం గొడవ పడుతూ ఉంటారు. గాలి చల్లగా తగిలింది. పదకొండేళ్ళుగా అడిగిన వాళ్ళకు చెప్పని జవాబు ఇదన్నమాట అనుకుంది.

ఆ ప్రశాంతత ఎంతో సేపు ఉండలేదు. నాలుగయింది, పోదాం రాండి అంటే ఇంకొక్క ఆట అన్నారు. నాలుగున్నరకు ఇంకొక్క ఆట. ఐదుకు దాసమ్మే గొర్రెలు తోలుకోవాలని లేచింది. అప్పటికి యువరాజ్ ఒక్కసారంటే ఒక్కసారి కూడా గెలవలేదు. పొద్దున వీళ్ళను కొండ ఎక్కించడానికి తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు దించడానికి తిట్టింది కళావతి.

ఇంటికి పోయాక సుధాకర్‌కు ఫోను చేసింది. శనివారం ధర్మవరం పోయి, పట్టుచీర ఎట్లా నేస్తారో పిల్లలకు చూపించాలని ఆమె వారం కిందటే ఏర్పాటు చేసి పెట్టింది. ఫోనులో ఆ టోపీ పెట్టుకున్నామె చెప్పిన సలహాల్లో ఐదోది అది. కళావతి చెప్పేది పూర్తి కాకముందే చందన ఫోను లాక్కుంది. "నాయనా, మేం రేపు రాము. పెనుకొండ పోతాం. అవ్వను ఓడించాల. అమ్మను పోలీసులకు పట్టియ్యబోయినారు, వీడియో పంపిస్తా ఉండు."

ఫోనులో సుధాకర్ నవ్వు గది అంతా వినిపించింది. రేపు తనే రైలెక్కి పెనుకొండకు వస్తానన్నాడు. చీటీలు రాసిందీ, లీవు తెచ్చుకుందీ, రాళ్ళు కడిగిందీ ఎవరో ఒక్కరికీ గుర్తు లేదు. కళావతి కాళ్ళకు జండూబామ్ పూసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

శనివారం ఐదున్నరకే ఇంట్లో చప్పుళ్ళు. యువరాజ్ స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, దాసమ్మ మనవరాలికని బిస్కెట్ ప్యాకెట్ కూడా కొని పెట్టుకున్నాడు. ఎనిమిది కాకముందే, రైలు దిగి వచ్చిన సుధాకర్‌తో కలిసి మెట్ల కింద ఉన్నారు. సుధాకర్‌నూ పిల్లలనూ ముందు నడవనిచ్చి కళావతి వెనక మెల్లగా ఎక్కింది. మొదటి మలుపులోనే మోకాళ్ళు ఇక మా వల్ల కాదన్నాయి. మెట్టు మీద కూలబడింది.

పైనుంచి యువరాజ్ తిరిగి చూశాడు. విసుగ్గా నిట్టూర్చి, ఎక్కిన పన్నెండు మెట్లూ దిగి వచ్చి చెయ్యి చాచాడు.

"బిర్నా రా మా. ఎండెక్కితే అవ్వ గొర్రెలు తోలుకుని పోతాది."

"నిన్న ఈ తొందర ఏమైందిరా?" అని కసిరి, కళావతి వాడి చెయ్యి పట్టుకుని లేచింది.